లేని మోకాలి నొప్పి

పెద్దత్తను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఏడుపు కాస్త తగ్గినప్పుడల్లా ఆమె పడిన బాధలు చెప్పుకుంటున్నారు.

"ఆ మోకాలి నొప్పితో ఎన్నేండ్లు అవస్థ పడిందో మహాతల్లి" అంది ఒకామె.

"చెవుడు గూడ ఉండె. డోలు పక్కన నిలబడితే తప్ప వినపడేది కాదు" అంది గంగక్క, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"మతిమరుపు సంగతి చెప్పవేమి? వయసులో ఉన్నప్పట్నుంచీ అంతే. ఒక్కొక్క అడుగూ నోట్లో అనుకుంటా ఆడేది కోలాటం."

నేను కల్యాణదుర్గం నుంచి పొద్దున బస్సుకు వచ్చి, ఆమె కాళ్ళకు దండం పెట్టి, గోడకానుకుని కూర్చున్నాను. వాళ్ళ మాటలు వింటుంటే ఏడుపు మధ్యలో నవ్వు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమెకు మోకాలి నొప్పి ఏనాడూ లేదు. చెవుడు అంతకంటే లేదు. పక్కింట్లో పాలు పొంగితే తన ఇంట్లోంచి కేకేసి చెప్పే మనిషి. మతిమరుపు ఒక్కటే, అది కూడా చివరి రోజుల్లో మాత్రమే నిజం. ఈ సంగతి బయట పెట్టొద్దని ఆమె నాకు చెప్పింది. ఆమె ఉన్నన్నాళ్ళూ పెట్టలేదు. గంగక్క ఇది చదవదు. ఎవరైనా చదివి వినిపిస్తే కోపం తెచ్చుకుంటుంది. తెచ్చుకోనీ.

నాది బెళుగుప్ప పక్క ఊరు. పసితనంలో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. నడిచేటప్పుడు ప్రతి రెండో అడుగుకూ ఒళ్ళు ఎడమ పక్కకు ఒరుగుతుంది. పుట్టింట్లో ఏ ఆటలోనూ నన్ను చేర్చుకున్నవాళ్ళు లేరు. ఆడేవాళ్ళ చెప్పులకు కాపలా ఉండడం, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకోవడం నా పని. దానికి నేను అలవాటు పడిపోయాను కూడా. పెళ్ళై కంబదూరు దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఇక్కడా అంతేలే అనుకున్నాను.

పెద్దత్త మా మామకు వరసకు అక్క. పొడుగు మనిషి, నలుపు, ఎప్పుడూ దవడన వక్కాకు. ఆమె మొగుడు గొర్రెల వెంట ఏడాదిలో సగం బళ్ళారి పక్కనే ఉండేవాడు. ఇంట్లో మేకలు, పిల్లలు, చేను అన్నీ ఆమే చూసుకునేది. విత్తిన వేరుశనగ బుడ్డలు మొలకలోనే మాడిపోతే, మళ్ళీ వాన పడగానే విత్తేందుకు గొర్రు కట్టించేది. "ఈసారి గూడ రాకపోతే?" అని ఎవరైనా అడిగితే, "రాకపోతే రాలేదని తెలుస్తాది గదా. పదనుండగా విత్తల్ల" అనేది. అంతకు మించి ఆ సంగతి మాట్లాడేది కాదు.

తొంభైల చివర్లో ఒక ఏడు వానలు పూర్తిగా మొహం చాటేశాయి. పొలాల్లో పని లేదు. ఊరికే కూర్చుంటే మనసు చెడిపోతుందని ఆడవాళ్ళంతా కలిసి కోలాటం నేర్చుకుందామనుకున్నారు. కన్నడ సరిహద్దు అవతల నుంచి ఒక గురువును పిలిపించారు. సాయంత్రం ఎండ తగ్గగానే రాములవారి గుడి ముందు ఆట మొదలయ్యేది. నేను గుడి అరుగు మీద ఎవరి బిడ్డనో ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని.

ఒకరోజు పెద్దత్త గబగబా వచ్చి తన కోలలు నా ఒళ్ళో పడేసింది.

"ఇవి పట్టుకోమ్మే. వక్కాకు వేసుకోని వస్తా."

బిడ్డను ఇంకొకరికి ఇచ్చి కోలలు పట్టుకున్నాను. పోయిన మనిషి రాలేదు. గురువు డోలు అందుకున్నాడు. "బేగ బేగ రండమ్మా! ఈడ ఒక జత తక్కువ. కట్టెలు ఎవరి చేతిలో ఉండాయి?" అని అరిచాడు. అందరూ నా వైపు చూశారు. చేతిలో కోలలు పెట్టుకుని లేవని ఎట్లా అనాలి? లేచి వలయంలోకి పోయాను. అప్పుడు వచ్చింది పెద్దత్త, ఎవరివో వేరే కోలలు పట్టుకుని. నా పక్కనే నిలబడి, "ఆఁ, నిలబడినావు గదా. ఉండు, ఉండు" అంది, నేనే పట్టుబట్టి వచ్చినట్టు.

ఆ రోజు నుంచి ఆమె నా పక్కనే ఆడింది. ఆడుతున్నంతసేపూ నోట్లో ఏదో గొణుక్కునేది. "ఇప్పుడు నేను కుడికి తిరగల్ల... రెండు కొట్టి వెనక్కి రావల్ల... అయ్యో, మర్చిపోతా ఏమో..." ఆ గొణుగుడు సరిగ్గా నాకు వినపడేంత గట్టిగా ఉండేది. నేను దాన్ని పట్టుకుని అడుగు వేసేదాన్ని. గురువుకు మాత్రం చిరాకు.

"ఏమమ్మా, నోరు మూసుకోని ఆడేకి రాదా నీకు?"

"నాకు మతిమరుపప్పా. నోట్లో అనుకోకుంటే కాళ్ళు రావు."

ఆమె మతిమరుపు వల్ల నాకు మేలు జరుగుతోందని లోపల సంతోషపడేదాన్ని. అంతే తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

బుడ్డలు ఒలిచేటప్పుడు కూడా ఆమె ఇట్లాగే చేసేది. విత్తనాల కోసం ఆడవాళ్ళమంతా ఒక ఇంట్లో చేరి కాయలు ఒలిచేవాళ్ళం. ఎవరికి తాళం అందడం లేదో వాళ్ళ ఎదురుగా పోయి కూర్చునేది. పాట పాడుతూ, తాళానికి ఒక కాయ చొప్పున చిట్లించేది. ఎదుటి మనిషి చేతులు తెలియకుండానే ఆ తాళంలో పడిపోయేవి. "ఇది కోలాటం" అని ఎప్పుడూ అనలేదు. "బిన్నా ఒలచండమ్మే" అని తొందరపెట్టేది అంతే.

గంగక్క కథ వేరు. ఆమె రాళ్ళు కొట్టే పనికి పోయేది. చేతులు ఉక్కు. కోలతో కొడితే అవతలి మనిషి కోల ఎగిరి పడేది. కానీ దెబ్బ డోలుతో కలిసేది కాదు, ఒక అర క్షణం వెనక పడేది. గురువు డోలు ఆపి "ఎవరమ్మా అది?" అనేవాడు. ఎవరో అందరికీ తెలుసు. ఒక సాయంత్రం గంగక్క కోలలు అతని కాళ్ళ ముందర విసిరికొట్టి, "నీ ఆట నువ్వే ఆడుకోప్పా" అని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్దత్త నన్ను వెంటబెట్టుకుని గంగక్క ఇంటికి పోయింది. సముదాయిస్తుందనుకున్నాను. సముదాయించలేదు. గడప మీద కూర్చుని, తలవంచుకుని, "గంగా, నీతో ఒక మాట. ఎవరికీ చెప్పగూడదు" అంది.

"చెప్పక్కా."

"నాకు చెవి సరిగ్గా వినపడదే. డోలు పక్కనే నిలబడితే తెలుస్తాది. ఒక్కదాన్నే పోయి ఆడ నిలబడాలంటే సిగ్గు. నువ్వు పక్కన ఉంటావనుకున్యా. నువ్వేమో కట్టెలు పారేసి వచ్చినావు. ఇంగ నేను గూడ మానుకుంటా."

గంగక్క మొహం మారిపోయింది. "ముందే చెప్పగూడదా ఆ మాట? చెవుడు అయితే ఏమి, సిగ్గెందుకు? రేపు వస్తా పా. నేను నిలబడతా నీ పక్కన."

అట్లా గంగక్క డోలు పక్కకు చేరింది. డోలు దెబ్బ చెవికే కాదు, ఛాతీకి కూడా తగిలేంత దగ్గర. వారం తిరిగేసరికి ఆమె కోల డోలుతో కలిసి మోగింది. ఒక చెవిటి మనిషికి తాను ఆసరా అయ్యానని గంగక్క ఈ రోజుకీ నమ్ముతుంది. ఆ రోజు నేను కూడా నమ్మాను.

ఉగాది దాటాక పక్క ఊరి తేరు దగ్గర ఆడమని పిలుపు వచ్చింది. ఊరి పరువు సంగతి. గురువు కొత్త అడుగు ఒకటి తెచ్చాడు. చరణం ముగిసేచోట అందరూ ఒక్కసారిగా పైకి ఎగిరి, గాలిలో పక్కవాళ్ళ కోలలతో కొట్టాలి. చూసేవాళ్ళకు బాగుంటుంది. నేను ఎగిరాను. కుడికాలు లేచింది, ఎడమది లేవలేదు. బోర్లా పడ్డాను. మోచేతులు గీరుకుపోయాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే లేచి నేనూ నవ్వేదాన్ని.

గురువు చెడ్డవాడు కాదు. దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "అమ్మా, నువ్వు పాట పాడు. గొంతు బాగుండాది. ఆడేది వాళ్ళు ఆడతారులే." అతను అంత మర్యాదగా చెప్పడం నాకు కోతలా తగిలింది. కోలలు అరుగు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. మరుసటి రోజు పోలేదు. పెద్దత్త వస్తుందేమోనని గుమ్మం వైపే చూశాను. రాలేదు. డోలు మాత్రం వినిపిస్తోంది. మొదలవుతోంది, ఆగుతోంది. మళ్ళీ మొదలవుతోంది, మళ్ళీ ఆగుతోంది.

నీళ్ళకు పోయి వస్తున్న పక్కింటామె చెప్పింది. "పెద్దక్కకు మోకాలు పట్టేసిందంట. ఎగరలేను అంటాంది. గురువు తల పట్టుకోని కూర్చున్యాడు."

నేను గుడి దాకా నడిచి, గోడ పక్కన నిలబడి చూశాను.

"నిన్నటిదాకా బాగానే ఉంటివి గదమ్మా?" అంటున్నాడు గురువు.

"రోగం ముందే చెప్పి వస్తుందా అప్పా?"

"అయితే కూర్చో."

"కూర్చోను. ఆడతా. ఎగరను."

"ఎగరకుంటే ఆట యాడిదమ్మా?"

"అందరూ ఎగిరినప్పుడు నేను వొంగుతా. నా మోకాలికి అదే వస్తాది. నువ్వు కొట్టప్పా డోలు, చూద్దాం."

డోలు మోగింది. చరణం ముగిసింది. అందరూ ఎగిరారు. పెద్దత్త ఎడమ పక్కకు ఒరిగి, వంగి, కోలను కిందికి చాచి నిలిచింది. ఆమె జతగత్తె గాలిలో కొట్టిన కోలకు ఏమీ తగల్లేదు. కోలాటంలో జత ఎట్లా వంగితే మనమూ అట్లా వంగాలి, లేకుంటే దెబ్బ మోగదు. రెండోసారి ఆ జతగత్తె కూడా వంగింది. చరణానికొకసారి జతలు మారుతాయి. మారిన ప్రతి జతా పెద్దత్త ఎదుటికి వచ్చి వంగాల్సిందే. ఆ వంగుడు నేర్చుకున్నవాళ్ళు పక్కవాళ్ళ దగ్గర కూడా వంగడం మొదలుపెట్టారు. పాట ముగిసేసరికి వలయంలో ఎగిరేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఎడమకు ఒరుగుతున్నారు.

గురువు డోలు మీద అరచెయ్యి ఆనించి వలయాన్ని చూశాడు. "ఇంగొకసారి ఆడండి" అన్నాడు. ఈసారి తాళం కొంచెం నిదానం చేశాడు. గాలికి జొన్న చేను ఒరిగినట్టుగా వలయమంతా ఒరిగి లేచింది. ఎగిరినప్పటి కంటే అదే బాగుంది. అది అతనికీ కనబడింది.

పెద్దత్త నా వైపు తిరగనేలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు, "ఈడ జత తప్పిందప్పా. ఏమ్మే, నీ కట్టెలు యాడ పెట్టినావు?" అంది.

అరుగు మీదివి తీసుకుని వలయంలోకి నడిచాను. డోలు మొదలైంది. ఒక అడుగు. రెండో అడుగు. చరణం ముగిసేచోట నా ఒళ్ళు ఎప్పటిలాగే ఎడమకు ఒరిగింది. నాతో పాటు అందరి ఒళ్ళూ ఒరిగాయి. పుట్టి బుద్ధెరిగాక నా నడక నలుగురి నడకతో కలవడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ కోలలు.

తేరు రోజు మధ్యాహ్నం ఎండలో ఆడాం. ఆడి వస్తుంటే వేరే ఊరి ఆడవాళ్ళు అడ్డం వచ్చారు. "ఈ వొంగే ఆట ఏ పక్కదప్పా?" అని గురువును అడిగారు. "మా పక్కది" అన్నాడు అతను. పెద్దత్త వక్కాకు నములుతూ ముందుకు నడిచింది.

ఆ ఏడే సీతాఫలాల కాలంలో ఇద్దరం గంపలు తీసుకుని గుట్టకు పోయాం. తిరిగి వచ్చేటప్పుడు ఎండిన వంక ఒకటి అడ్డం వచ్చింది. చుట్టూ తిరిగి పోదామని నేను దారి వెతుకుతున్నాను. పెద్దత్త నిండు గంప నెత్తిన పెట్టుకునే ఒక్క దూకు దూకి అవతలి గట్టున నిలబడింది. ఒక్క కాయ కింద పడలేదు.

"పెద్దత్తా! మోకాలు?"

దొరికిపోయిన మనిషి ముఖం పెట్టలేదు. గంప సర్దుకుని, "ఆటలో నొస్తాది. గుట్ట మీద నొయ్యదు" అంది.

నేను ఇవతలి గట్టున కూలబడ్డాను. మతిమరుపు, చెవుడు, మోకాలు అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమయ్యాయి. ఆమె మళ్ళీ ఇవతలికి దూకి, గంప దించి నా పక్కన కూర్చుంది. పండిన కాయ ఒకటి విడదీసి సగం నా చేతిలో పెట్టింది.

"నా కోసమేనా అదంతా?"

"నీ కోసమేమి? ఒంటి కట్టె మోగుతుందా? నాకు పక్కన జత కావల్ల." గింజలు వంకలోకి ఉమ్మి మళ్ళీ అంది. "ఈ మాట ఊర్లో అనొద్దు. తెలిసిందంటే గంగ రేపట్నుంచి రాదు. నువ్వు గూడ జాలి పడినారని ఇంట్లో కూర్చుంటావు."

"నేను కూర్చోను."

"అయితే సరే. లెయ్, పొద్దు పోతాంది."

తర్వాత ఏళ్ళ తరబడి ఆమెను గమనిస్తూ ఉన్నాను. కొత్త కోడలు ఎవరైనా తడబడితే చాలు, "ఈ పక్క ఎండ కళ్ళలో పడతాంది" అని ఆ పిల్ల పక్కకు మారిపోయేది. ఎవరికైనా ఆయాసం వస్తే, ఆ మనిషి కంటే ముందు పెద్దత్త కాలిలో ముల్లు దిగేది. ఆట ఆగేది. ముల్లు ఎంత వెతికినా దొరికేది కాదు. ఊర్లో ఆమె అంటే రోగాల పుట్ట. ఆమె చేనికి పోయి ఒక మగవాడి పని చేసి వచ్చేది కూడా ఆ ఊరివాళ్ళే చూసేవాళ్ళు. ఎవరూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

రెండువేల దశకం సగంలో మా బోరు ఎండిపోయింది. మేము కల్యాణదుర్గం చేరి సైకిళ్ళ అంగడి పెట్టుకున్నాం. శ్రీరామనవమికి మాత్రం ఏటా వచ్చి ఆడేదాన్ని. అట్లా వచ్చిన ఒక ఏడు, ఊరేగింపుకు ముందు గుడి దగ్గర ఆట మొదలైంది. పెద్దత్త నా ఎదుటి జతలో ఉంది. ఎప్పటిలాగే గొణుగుతోంది.

"ఇప్పుడు కుడికి... కాదు, వెనక్కి రావల్ల..."

రావలసింది వెనక్కి కాదు. ఆమె గొణుగుడు అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పడం నేను వినలేదు. ఆమె పక్కన ఎవరున్నారో చూశాను. గంగక్క కోడలు. గుంపులో అందరికంటే బాగా ఆడే పిల్ల. ఆ పిల్లకు ఎవరి సాయమూ అక్కర్లేదు. పెద్దత్త కళ్ళు పక్కవాళ్ళ పాదాల మీద ఉన్నాయి. ఎప్పుడూ తలెత్తి ఆడే మనిషి.

ఆట అయ్యాక పెద్దత్త కోడలితో చెప్పాను. "మీ అత్తకు మతి తప్పుతాన్నట్టుండాది. అనంతపురంలో డాక్టరుకు చూపించండి."

"అది ఎప్పుడూ ఉండేదే గదక్కా" అంది ఆ పిల్ల, ఆశ్చర్యంగా. కొడుకూ అదే అన్నాడు. ఊరంతా అదే అంది. ఎవరి కోసమో ఏళ్ళ తరబడి చెప్పిన అబద్ధం, నిజం వచ్చి కూర్చున్నాక దాన్ని ఎవరి కంటా పడనివ్వలేదు. వాళ్ళను పోరి పోరి, నేనే వెంట పోయి చూపించాను. మందులు ఇచ్చారు. వయసు కదా, మతిమరుపు నిదానంగా పెరుగుతుందన్నారు.

మరుసటి శ్రీరామనవమికి నేను ముందే అనుకుని వచ్చాను. ఈసారి ఆమె పక్కన నేను నిలబడ్డాను. డోలు మొదలు కాగానే ఆమె చేసినట్టే చేశాను. "ఇప్పుడు నేను కుడికి తిరగాలి... రెండు కొట్టి ముందుకు పోవాలి..." అని గొణగడం మొదలుపెట్టాను. రెండు చరణాలు ఆమె బాగానే ఆడింది. మూడో చరణంలో ఠక్కున ఆగి, నా మణికట్టు పట్టుకుంది. ఆట మొత్తం ఆగిపోయింది.

"నా విద్య నాకే చూపిస్తాండావా?"

"లేదు పెద్దత్తా, నాకే తాళం..."

"అబద్ధం చెప్పేకి గూడ రాదు నీకు." ఆమె గొంతులో కోపం లేదు. కళ్ళు మాత్రం నన్ను వదల్లేదు. "సూడు. తప్పు ఆడినావని చెప్తే ఇంటికి పోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు చెప్పగూడదు. నేను ఇంటికి పోయేదాన్నా?"

"కాదు."

"మరి నాకెందుకు దాపరికం? నోరు తెరిచి చెప్పు. కుడి అంటే కుడి అను. ఎడమ అంటే ఎడమ అను."

"అందరూ వింటారు పెద్దత్తా. ఊరేగింపుకు ఎన్ని ఊర్లవాళ్ళు వచ్చినారో సూడు."

"విననీ. వినేకే గదా వచ్చింది వాళ్ళు." చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని, డోలు పట్టుకున్న పిల్లవాడి వైపు తిరిగింది. "కొట్టరా అప్పా. యాంటికి ఆపినావు?"

డోలు మోగింది. ఆమె తప్పు అడుగు వేసింది. తల తిప్పి నన్ను చూసింది, ఇంకా చెప్పవేమి అన్నట్టు. అప్పుడు అరిచాను.

"కుడికి పెద్దత్తా!"

గుడి ముందు నిలబడిన జనమంతా నా వైపు చూశారు. పెద్దమనిషిని పదిమందిలో అట్లా అరుస్తుందేమి అని ఎవరో అనడం కూడా వినబడింది. పెద్దత్త కుడికి తిరిగింది. తల ఎత్తుకుంది.

"రెండు కొట్టు! ముందుకు రా! ఇప్పుడు వొంగు!"

వంగింది. నేనూ వంగాను. వలయమంతా వంగింది. గుడి చుట్టూ, వీధి పొడుగునా, ఊరేగింపు మళ్ళీ గుడికి చేరేదాకా ఆమె ఒక్క చోట ఆగలేదు. తప్పినప్పుడల్లా నేను అరిచాను. అరిచినప్పుడల్లా సరిదిద్దుకుంది. కొన్నిసార్లు నేను అరిచినా తప్పే వేసింది. "ఇంగొకసారి చెప్పు" అని తనే అరిచింది.

చివరికి పందిట్లో కూర్చున్నాం. ఆమె మొహం మీద చెమట కారిపోతోంది. రొమ్ము ఎగసిపడుతోంది. ఎవరో పానకం తెచ్చి ఇచ్చారు. ఆమె ఒక గుక్క తాగి, లోటా నా చేతిలో పెట్టింది.

"రేపు తేరు కాడ గూడ ఆడేది ఉండాది గదా?"

"ఉండాది పెద్దత్తా."

"అయితే మొత్తం తాగు. నీ గొంతు చాల్లేదు. రేపు ఇంగా గట్టిగా అరవల్ల."